గడ్డికొట్టంలో పెట్రోలు వాసన

నేను ఒక మనిషి చావుకు కారణమయ్యాను. చేత్తో కొట్టలేదు. కత్తీ కర్రా ఎన్నడూ పట్టినవాణ్ని కాదు, బట్టల కొట్టు నడుపుకునేవాణ్ని, గజంకట్టె తప్ప నా చేతికి ఏదీ అలవాటు లేదు. అయినా ఆ మనిషి నా వల్లనే పోయాడు. ఈ సంగతి కడుపులో పెట్టుకునే ఇన్నేళ్లు అన్నం తిన్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, నలుగురిలో పెద్దమనిషిని అనిపించుకున్నాను. మా ఇంటిదానికి సగం తెలుసు. ఆ సగాన్ని ఆమె తనతోనే తీసుకుపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాసి చెప్తున్నాను. తెలిసినవాళ్ల మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ మొదలుపెట్టినా నా బుద్ధి దగ్గరికే వస్తుంది. సరే, ఫట్‌ఫటి దగ్గర మొదలుపెడతాను.

మోటారు సైకిలును అప్పుడు మా మెదక్‌లో ఫట్‌ఫటి అనేవాళ్లు. ఒక జాగీర్దారు దగ్గర మున్షీగా ఉన్నవాడు దాని మీద తిరిగేవాడు. వాడు రజాకార్లతో కలిసి తిరిగేవాడు కూడా. ఆ చప్పుడు వినపడితే పాపన్నపేట దారి పొడుగునా తలుపులు పడేవి. ఇది నాకు తెలుసు. ఎవరో తర్వాత చెప్పింది కాదు, నా కళ్లతో చూసిందే. యూనియన్ మిలట్రీ వస్తున్నదని పుకారు లేచిన రోజుల్లో ఆ మున్షీ మా కొట్టు వెనక తలుపు దగ్గరికి వచ్చి, పట్నం పారిపోతున్నాను, బండి ఉంచుకో, ఇచ్చిందివ్వు అన్నాడు. గల్లాపెట్టెలో ఉన్నది ఇచ్చాను. కాగితం లేదు, సాక్షి లేడు.

ఎందుకు కొన్నానో చెప్తే నవ్వుతారు. మా బావమరిది అంతకుముందే సైకిలు కొన్నాడు. దానికి దీపం పెట్టించుకుని మా అత్తగారి ఊళ్లో తెగ తిరిగాడు. పండక్కి పోతే అందరూ వాడి సైకిలు చుట్టే. నేను ఎడ్లబండి దిగి కాళ్లు కడుక్కుంటుంటే నన్ను పలకరించిన దిక్కు లేదు. ఇంత చిన్న కారణమా అంటారా? అవును, ఇంత చిన్న కారణమే. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని నేనూ చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

తర్వాత మిలట్రీ రానే వచ్చింది. రాజ్యం మారింది. జెండాలు కట్టారు, మిఠాయిలు పంచారు, నేనూ పంచాను. కొన్నాళ్లకు బజార్లో దండోరా వేశారు. రజాకార్ల ఆయుధాలు గానీ, బండ్లు గానీ ఎవరి దగ్గరున్నా తెచ్చి అప్పగించాలి, దాచినవాణ్ని వాళ్ల మనిషిగానే చూస్తాం అని. ఆ డప్పు చప్పుడు మా కొట్టు ముందు నుంచే పోయింది. లోపల గిరాకీకి పంచెల చాపు విప్పి చూపిస్తున్నాను. నా చేతులు ఆగలేదు. మనసులో మాత్రం ఒక్కటే అనుకున్నాను, రేపు అప్పగిద్దాం అని. మర్నాడు అనుకున్నాను, ఇన్నాళ్లెందుకు దాచావంటే ఏం చెప్పాలి అని. ఆ తర్వాత రోజుకు భయం ఇంకొంచెం పెరిగింది. అప్పగించకపోవడానికి భయం ఒక సాకు. అసలు సంగతి, దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంటి వెనక గడ్డికొట్టంలో గోడకు ఆనించి, మీద గోనెపట్టాలు వేసి, వాటి మీద గడ్డి కప్పాను. ఎవరికీ కనపడదు. కానీ వాసన? వాసనను ఏ గోనెతో కప్పుతావు?

మొదట బర్రె కనిపెట్టింది. ఆ గడ్డి వేస్తే మూతి తిప్పుకుంది. మా ఇంటిది వచ్చి, బర్రెకు ఏమో అయింది, నాలుగు పోచలు కూడా మేస్తలేదు అని దిగులుపడింది. నేను గడ్డి దగ్గరికి పోయి వాసన చూశాను. పెట్రోలు. గుప్పుమంది. ఆ రోజుల్లో పెట్రోలు వాసన అంటే ఏమిటో మీకు తెలియాలి. రజాకార్లు ఊళ్లు తగలబెట్టి పోయారు. రాజ్యం మారాక వాళ్ల మీద కక్షతో జనం ముసల్మానుల ఇళ్లు తగలబెట్టారు. కమ్యూనిస్టుల సంఘం దళాలు దొరల గడీల మీద పడ్డాయని ఇంకో దిక్కు నుంచి వార్తలు. ఎవరింట్లో పెట్రోలు వాసన వచ్చినా జనం ముందు అడిగేది, ఏది తగలబెట్టబోతున్నావని. మా ఎదురింటి గాండ్లామె ఒకనాడు గడపలో నిలబడి ముక్కు ఎగబీల్చి, మీ ఇంట్ల మోటరు వాసనొస్తుందేంది సేటూ అంది. దీపం నూనె ఒలికిందన్నాను. నూనె అమ్మే మనిషికి నూనె గురించి అబద్ధం చెప్పాను, చూడండి నా తెలివి!

నా అంతట నేనే వెతికాను. గొట్టం తుడిచాను, మూతకు గుడ్డ చుట్టాను, తడి గడ్డి తీసి పెంటకుప్పలో పూడ్చాను. తెల్లారేసరికి మళ్లీ అదే వాసన. కుక్కలా ఆ బండి చుట్టూ మోకాళ్ల మీద పాకాను. ట్యాంకు మూత దగ్గర వస్తుందనిపించేది, మరుక్షణం చక్రం దగ్గర, ఇంకాసేపటికి నా చేతుల దగ్గరే. ఖాళీ చేస్తే పోయేదిగా అంటారు. ఆ రోజుల్లో పెట్రోలు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? అంత ప్రాణభయంలో కూడా, రేపెప్పుడో దాని మీద అత్తగారింటికి పోవాలన్న ఆశ నాకు చావలేదు.

చివరికి ఖాజా మియా దగ్గరికి పోయాను.

ఖాజా మా ఖిల్లా కింది గల్లీలో ఉండేవాడు. కుట్టుమిషన్లు, సైకిళ్లు, తాళాలు, బావి గిరకలు బాగు చేసేవాడు. కుర్రతనంలో పట్నంలో మోటార్ల పని నేర్చాడు. మా కొట్టు అరుగు మీద కుట్టే దర్జీ మిషను ఆగితే అతనే వచ్చేవాడు. నవ్వించే మనిషి. సూది విరిగిందంటే, నీ మాటలకే విరిగుంటదిలే అని దర్జీని ఆటపట్టించేవాడు. రాజ్యం మారినప్పటి నుంచి బయటికి రావడం మానేశాడు. వాళ్ల గల్లీలో అందరూ అంతే. ఎవరి మీద ఎవరికి పాత పగ ఉందో, ఏ పేరు చెప్పి ఎవరు వచ్చి పట్టుకుపోతారో తెలియదు. పని లేదు, ఇంట్లో గింజ లేదు. నేను పోయేసరికి భార్య తలుపు సందులోంచి చూసి, నేనేనని తెలిశాక తీసింది. నన్ను చూసి ఆ ఇల్లు ధైర్యపడింది.

సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పనన్నాడు. నాకు చాల్లేదు. బిడ్డ మీద ఒట్టు పెట్టమన్నాను. చిన్న పిల్ల, అతని మోకాలి పక్కనే కూర్చుని ఉంది. ఒట్టెందుకు, మాట చాలదా అన్నాడు. చాలదన్నాను. అప్పుడు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. ఎవరడిగినా, ఏమడిగినా, బండి ముచ్చట నా నోట రాదు అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చర్చి గంట మోగే వేళకు వెనక గల్లీలోంచి వచ్చాడు. గడ్డి తీసి, బండిని స్టాండు మీద నిలబెట్టి, పొడిగుడ్డతో అణువణువూ తుడిచాడు. మా ఇంటిదాన్ని ముగ్గుపిండి అడిగాడు. ఆమె బిత్తరపోయి చూసింది. ఆ పిండిని ట్యాంకు అతుకుల మీద, గొట్టం మీద, బిరడా మీద పల్చగా చల్లి కూర్చున్నాడు. ఎక్కడ కారితే అక్కడ పిండి తడిసి నల్లబడుతుందట. మధ్యాహ్నం దాకా చూశాం. ఎక్కడా తడవలేదు. వాసన మాత్రం వస్తూనే ఉంది. వాసన మస్తు మోసం చేస్తది, కారే కాడ రాదు, నిలిచే కాడ వస్తది అన్నాడు. మా ఇంటిది పెట్టిన జొన్నరొట్టె కొట్టంలోనే కూర్చుని తిన్నాడు.

తిని చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, ఇన్ని రోజులు బండి నిలబెట్టే ఉంచినవా అని. లేదు, గోడకు ఆనించానన్నాను. తల కొట్టుకున్నాడు. మళ్లీ అలాగే గోడకు ఒరిగించి, మళ్లీ పిండి చల్లాడు. కొంచెంసేపటికి ట్యాంకు వెనక, సీటు మొదట్లో, వెంట్రుకంత సన్నగా ఒక గీత నల్లబడింది. నిలబెడితే పెట్రోలు ఆ పగులు దాకా రాదు. ఒరిగిస్తే వస్తుంది. నేనే ఒరిగించి, నేనే కారించి, నేనే వెతుక్కున్నాను. ఇద్దరం నవ్వాం. అతనితో కలిసి నేను నవ్వింది అదే చివరిసారి.

సబ్బు పెట్టి పగులు పూడ్చాలంటే ముందు ట్యాంకు ఖాళీ కావాలి. బిందె పెట్టి ట్యాంకు వంచాం. నా చెయ్యి జారింది. సగం పెట్రోలు అతని ఛాతీ మీద, లుంగీ మీద పడింది. ఇగ బీడీ తాగెటోడు నా పక్కకు రావొద్దు అని నవ్వాడే గానీ నన్నొక మాట అనలేదు. పగులులో బట్టల సబ్బు దట్టించి, గుడ్డ బిగించి కట్టి, మిగిలిన పెట్రోలు మళ్లీ పోసి, దీపాలు పెట్టే వేళకు వెనక గల్లీలోంచే పోయాడు. ఆ తడిసిన బట్టలతోనే పోయాడు. నాది బట్టల కొట్టు. ఒక లుంగీ, ఒక అంగీ ఇవ్వాలన్న ధ్యాస నాకు రాలేదు. నా ముక్కుకు నా కొట్టంలో వాసన తగ్గిందా లేదా, అదొక్కటే నా ధ్యాస.

అదే రోజు మధ్యాహ్నం హవేలిఘనపూర్‌లో ఒక పటేలు గడ్డివాములకు ఎవరో నిప్పు పెట్టారు. వాము నీడన పడుకున్న పశువుల కాపరి ముసలాయన అందులోనే కాలిపోయాడు. ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. సంఘం వాళ్లన్నారు, మిగిలిపోయిన రజాకార్లన్నారు, పటేలు దాయాదులు, పాలివాళ్లే అన్నవాళ్లూ ఉన్నారు. కానీ పెట్రోలు పోసి అంటించారన్నది ఊరంతా అన్న మాట.

తెల్లారి నేను కొట్టు తెరిచి గద్దె దులుపుతున్నాను. బజార్లో గోల. ఆ పటేలు, అతని మనుషులు, తుపాకులతో ఇద్దరు పోలీసులు. మధ్యలో ఖాజా. అతని రుమాలుతోనే అతని చేతులు కట్టారు. ఖాజా వాళ్ల గల్లీలో ఇల్లిల్లూ వెతుకుతూ పోతుంటే తాడు మీద ఆరేసిన అంగీ వాసన వేసిందట. ఆ అంగీ పటేలు చేతిలో ఉంది. పటేలు మా పాత గిరాకీ, ఇంట్లో పెళ్లయినా చావయినా బట్టలు మా దగ్గరే. అరవలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆ ముసలాయన అతన్ని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడట.

"సేటూ, జర బయటికి రా. గీ గాండ్లామె నిన్న మాపటిజాము ఈన్ని మీ ఎనక గల్లీల చూసిందట. ఏడికి పోయినవ్ రా అంటే పని మీద అంటడు. ఎవరి పని అంటే నోరిప్పుతలేడు. మీ ఇంటికి వచ్చిండా?"

"వచ్చిండు పటేలా."

"ఎంతసేపున్నడు? నిజం చెప్పు. నీ ఒక్క మాట మీద ఇడిశిపెడ్త."

ఖాజా నన్ను చూశాడు. బతిమాలినట్టు కాదు. నేను చెప్తానని నమ్మకంగా చూశాడు. అతని పెదవి మీద దెబ్బ ఉంది. నేను పంచెల కట్ట మీద చెయ్యి వేసి నిలబడ్డాను. పొద్దంతా ఉన్నాడంటే, ఏం పని మీద అంటారు. కొట్టం చూపించమంటారు. గడ్డి తీస్తారు.

"పొద్దుగాల వచ్చిండు. బాయి గిరక బాగు చేసి అప్పుడే పోయిండు."

"మల్ల రాలే?"

"నాకెర్క లేదు పటేలా. నేను కొట్ల ఉంటిని."

పటేలు అతని వైపు తిరిగాడు. "ఏం రా? సేటు చెప్పింది నిజమేనా?"

"సేటు చెప్పిందే నిజం" అన్నాడు ఖాజా.

"మరి గీ పెట్రోలు ఏడిది రా?"

ఎంత కొట్టినా మాట్లాడలేదు. నేను అక్కడే ఉన్నాను, కొట్టు మూయలేదు, లోపలికి పోలేదు. పోతే అనుమానం వస్తుందని. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నిలబడ్డాను.

ఎందుకన్నాడు ఆ మాట? ఇన్నేళ్లు దీన్నే తిరగేస్తున్నాను. బిడ్డ మీద ఒట్టు తప్పుతుందనా? నేను అప్పటికి మాట తప్పించి, తర్వాత చాటుగా పటేలుతో నిజం చెప్తానని అనుకున్నాడా? లేక, నా అబద్ధాన్ని అతను అబద్ధమంటే నమ్మేదెవరు, ఆ రోజుల్లో ఖాజా మాటకు, సేటు మాటకు తూకం ఎటు మొగ్గుతుందో అతనికి తెలుసనా? ఇదే అయి ఉంటుందని ఒక్కోసారి అనిపిస్తుంది. అప్పుడు అన్నం దిగదు. మొదటిదే అయి ఉంటుందని అనుకున్న రోజు మాత్రం దిగుతుందా? అదీ దిగదు.

అతన్ని తీసుకుపోయారు. కొన్నాళ్లకు అతని భార్య కొట్టుకు వచ్చింది, పిల్ల చెయ్యి పట్టుకుని. జైల్లో కలిసి వచ్చానంది. ఆయన ఇంకేం చెప్పలేదు, సేటు దగ్గరికి పో, ఆయనే చెప్తడు అన్నడు, ఏం చెప్తరు సేటూ, ఎవరికి చెప్తరు, ఎప్పుడు చెప్తరు అని అడిగింది. ఆమెకు బండి సంగతి తెలియదు. అతను భార్యకు కూడా చెప్పలేదు. గిరాకీ ఉంది, రేపు మాట్లాడతానన్నాను. ఊరికే పంపలేక ఒక చీర, పిల్లకు ఒక జాకెట్టు గుడ్డ చింపి చేతిలో పెట్టబోయాను. ఆమె ముట్టుకోలేదు. అవి గద్దె మీదనే ఉన్నాయి. ఆమె పోయాక మడత పెట్టి మళ్లీ అరలో పెట్టాను, ఛీ, తర్వాత ఎవరికో అమ్మాను కూడా.

ఆమె మర్నాడు వచ్చింది. నేను ఊళ్లో లేనని దర్జీతో చెప్పించాను. ఆ తర్వాత రాలేదు.

చలికాలం వెళ్లేలోపు ఖాజా జైల్లో పోయాడని తెలిసింది. జ్వరమన్నారు. పక్కటెముకలు విరిగినవాడికి వచ్చే జ్వరం ఎలాంటిదో నాకు తెలియదు, అడగలేదు. భార్య పిల్లను తీసుకుని నిజామాబాదు దిక్కు తల్లిగారింటికి పోయిందన్నారు. అదైనా నిజమో కాదో. వెతకాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడానికి ఖర్చేముంది?

మా ఇంటిది ఆ రోజు నుంచి కొట్టంలోకి పోలేదు. ముగ్గుపిండి తనే ఇచ్చింది, రొట్టె తనే పెట్టింది. బజార్లో నేనేం చెప్పానో విన్నది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే? అడగలేదని ఆమె మీద తప్పు తోసే మనిషిని చూడండి. ఆమె అడగనందుకు ఆ రోజుల్లో నేను లోపల దండం పెట్టుకున్నాను.

ఇంకొకటి మిగిలింది. ఇది చెప్పకపోతే చెప్పినట్టే కాదు.

ఆ ఎండాకాలం మళ్లీ దండోరా వేశారు. ఇంకా ఎవరి దగ్గరైనా బండ్లుంటే తెచ్చి పెట్టండి, ఏమీ అనం అని. అప్పటికి దాన్ని చూస్తేనే నాకు వణుకు. ఒకనాడు పట్టపగలు బజార్లోంచి తోసుకుంటూ కచేరీకి తీసుకుపోయాను. ఏమైతే అది అవుతుంది, అడిగితే అన్నీ చెప్పేస్తాను, నన్నూ అదే జైల్లో వేయనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నమ్మండి. అక్కడ చెట్టు కింద కూర్చున్న గుమాస్తా తల కూడా ఎత్తలేదు. ఆ గోడకు పెట్టి పొమ్మన్నాడు. అప్పటికే అక్కడ తుప్పు పట్టిన బండ్లు, విరిగిన జీపు ఒకటి పడి ఉన్నాయి. ఎవరిది, ఎక్కడిది, ఇన్నాళ్లు ఎందుకు దాచావు, ఒక్క మాట అడగలేదు. నేను కాసేపు నిలబడ్డాను. ఇంకేంది అన్నాడు. ఏం లేదన్నాను.

అంతే. దానికి పడే శిక్ష అంతే! ఆ రోజు పటేలును కొట్టానికి తీసుకుపోయి గడ్డి తీసి చూపించి ఉంటే నాకు ఏమయ్యేది? రెండు దెబ్బలు, నాలుగు తిట్లు, కొన్నాళ్లు తలవంపు. అప్పుడు అలా అయ్యేదో కాదో, రోజులు వేరు, భయం వేరు అని నాకు నేను చాలా చెప్పుకున్నాను. వకీలులా వాదించుకున్నాను. ప్రతిసారీ గెలిచాను. గెలిచిన రాత్రి కూడా నిద్ర లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అడగాల్సినవాడు లేడు, అడగాల్సిన ఆమెకు మొహం చాటేశాను, ఆ పిల్ల బతికి ఉంటే ఇప్పుడు ముసలమ్మ అయి ఉంటుంది, తండ్రిని వాములు తగలబెట్టినవాడనే అనుకుంటూ ఉంటుంది. పటేలూ అలాగే అనుకుంటూ పోయాడు. నేను మాత్రం ఒక్క పని చేయగలను. ఆ రోజు కొట్టు ముందు నిలబడి చెప్పాల్సిన మాట ఇప్పుడైనా పూర్తిగా చెప్పగలను. ఒక్క ఊపిరిలో అయిపోయే మాట. దాన్ని పైకి అనుకుంటూ రాస్తున్నాను.

పటేలా, ఖాజా నిన్న పొద్దంత మా ఇంట్లనే ఉండె. గా పెట్రోలు నాది. నా చేతులకెల్లి ఆయన మీద పడ్డది. ఆయన్ని ఇడిశిపెట్టుండ్రి.